చెంబుకి ఒక్క వాక్యం చాలదు: నిఘంటు సంపాదకులకు బహిరంగ లేఖ

తెలుగు నిఘంటువులు, పదకోశాలు కూర్చే పెద్దలకు,

నమస్కారం. నేను భాషాశాస్త్రం చదువుకున్నదాన్ని కాను. ఇంటి పనులయ్యాక కాస్త తీరిక దొరికితే నిఘంటువు తిరగేసే అలవాటున్న మామూలు పాఠకురాలిని. ఒక్క మాట గురించి మీకు ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. ఆ మాట చెంబు.

ఇది చాలా ఏళ్ళ కిందట మొదలైంది. అప్పట్లో మేం చెన్నైలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. వంటింట్లో స్విచ్ బోర్డు మాటిమాటికీ కాలిపోతుంటే ఇంటివాళ్ళు ఒక పెద్దాయన్ని పంపారు. ఆయన గోడలోంచి పాత తీగ బయటికి లాగి, కొనమీద తొడుగు చాకుతో గీరేసి, లోపల ఎర్రగా మెరుస్తున్నదాన్ని నాకు చూపిస్తూ "సెంబు కంబి" అన్నాడు. కూరగాయల బేరానికి సరిపోయేంత తమిళమే నాది. కంబి అంటే కమ్మి, తీగ అని తెలిసింది. చెంబు ఎక్కణ్ణుంచి వచ్చింది? కరెంటు తీగలో చెంబేమిటి? నా మొహం చూసి ఆయన గట్టుమీద ఉన్న మా రాగి చెంబుని వేలితో తట్టి, "ఇదువుం సెంబు" అన్నాడు. ఇదీ చెంబే.

వస్తువు పేరు చెబుతున్నాడనుకున్నాను. ఆయన చెప్పింది లోహం పేరు. తమిళంలో చెంబు అంటే రాగి. పుట్టినప్పటినుంచీ రోజూ చేత్తో పట్టుకున్న వస్తువు పేరుకి అర్థం నాకు ఆ రోజు తెలిసింది, అదీ పక్క భాష మనిషి చెబితే. ఆయన వెళ్ళాక నా దగ్గరున్న నిఘంటువులు తీశాను. అన్నిటిలోనూ దాదాపు ఒకటే: లోహంతో చేసిన చిన్న నీటిపాత్ర. ఒక్క వాక్యం. కొన్నిటిలో వాక్యం కూడా లేదు, లోటా అని ఒక మాట పెట్టి వదిలేశారు.

తర్వాత నాకు తెలిసినవాళ్ళని అడిగి, పుస్తకాలు చూసి పోగుచేసుకున్న సంగతులు కొన్ని రాస్తాను. ఇందులో చాలా భాగం మీకు తెలిసే ఉంటుంది. తెలిసీ ఎందుకు రాయలేదన్నదే నా ప్రశ్న.

చెం అంటే ఎరుపు. తమిళంలో చెమ్మణ్ అంటే ఎర్రమట్టి, చెందామరై అంటే ఎర్రతామర. మనకీ ఈ ముక్క పరాయిది కాదు. చెంగలువ, చెందామర, చెంగావి చీర అని మనమూ అంటాం. చెంగావి అన్నప్పుడు అందులో ఎరుపు ఉందని కళ్ళు చెబుతాయి గానీ, చెంబులోనూ ఆ ఎరుపే ఉందని ఎవరూ చెప్పరు. కన్నడంలో ఇదే ముక్క క తో మొదలవుతుంది, కెంపు అంటే వాళ్ళకి ఎరుపు రంగు. మనం చెరువు అంటే వాళ్ళు కెరె అంటారు, మనం చెవి అంటే వాళ్ళు కివి అంటారు. అలాగే మన చెం, వాళ్ళ కెం. తెలుగులో క తోనే ఉండిపోయిన రూపాలూ ఉన్నాయి. ఉంగరంలో పొదిగే ఎర్రరాయి కెంపు, కవులు వాడే కెంజాయ, కెందమ్మి. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో తెచ్చిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువులో, మళ్ళీ 1984లో పెంచి వేసిన కూర్పులో, ఈ ఎరుపు మాటలన్నిటినీ ఒక్క చోట చేర్చిపెట్టారు. అంటే ఆ పని ఎవరో ఎప్పుడో చేసేశారు. దాన్ని తెలుగు ఇంట్లోకి తెచ్చి తెలుగులో చెప్పడమే మిగిలింది.

ఎర్రటి లోహం కాబట్టి చెంబు. ఆ లోహంతో చేసిన పాత్ర కాబట్టి అదీ చెంబే. మలయాళంలో ఇప్పటికీ రాగిని చెంబు అనే అంటారు, బిర్యానీ వండే పెద్ద పాత్రనీ బిరియాణి చెంబు అంటారు. తమిళంలో రాగి శాసనాన్ని చెప్పేడు అంటారు, అందులో చెప్పు అంటే రాగి, ఏడు అంటే రేకు. తాళ్ళపాక వారి సంకీర్తనలు చెక్కించిన తిరుమల రేకుల్ని మనం రాగిరేకులు అంటాం. మన దగ్గర లోహానికి రాగి అన్న మాట స్థిరపడిపోయింది, చెంబు పాత్రకి మిగిలిపోయింది. అందుకే మనం రాగి చెంబు అన్నా ఇబ్బంది అనిపించదు. ఆ తమిళ పెద్దాయనకి అది రాగి రాగి అన్నట్టు వినిపించి ఉంటుంది.

ఇలాంటిది మన ఇళ్ళలో ఇంకోటి ఉంది, గాజు. గాజుతో చేసేవారు కాబట్టి చేతికి వేసుకునేవి గాజులయ్యాయి. తర్వాత బంగారంతో చేసినా బంగారు గాజులే, ప్లాస్టిక్‌తో చేసినా ప్లాస్టిక్ గాజులే. ఏ లోహమో ఏ పదార్థమో మర్చిపోయి, ఆకారం, వాడకం పట్టుకుని మాట ముందుకు పోయింది. చెంబు కూడా అంతే. ఇత్తడి చెంబు, కంచు చెంబు, వెండి చెంబు, స్టీలు చెంబు, చివరికి బాత్రూములో ప్లాస్టిక్ చెంబు. సంస్కృతంలో లోహం అన్న మాటా ఇలాగే నడిచిందని చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. లోహితం అంటే ఎరుపు. లోహం అంటే మొదట్లో ఎర్రలోహం, రాగి. పోనుపోను ఇనుముకీ, ఆపైన అన్ని లోహాలకీ అదే పేరయింది. రెండు వేర్వేరు కుటుంబాల భాషలు, రాగిని చూసి రెండూ ఎరుపు అనే పిలిచాయి. ఇంత అందమైన సంగతిని పదో తరగతి పిల్లకి రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. చెప్పిన నిఘంటువు నాకైతే కనబడలేదు.

పుట్టుక సంగతి ఇదీ. నాకు దీనికన్నా ఎక్కువ బాధ కలిగించేది వాడుకని వదిలేయడం.

మరచెంబు అన్న మాట ఈ తరం పిల్లల్ని అడిగి చూడండి. మర అంటే స్క్రూకి ఉండే చుట్లు, మరమేకులో ఉన్న మర అదే. మూత తిప్పి బిగిస్తే చుక్క ఒలకని చెంబు మరచెంబు. రైల్లో బయటి నీళ్ళు ముట్టని ముసలివాళ్ళు దీన్ని వెంట తీసుకెళ్ళేవారు. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఇప్పటికీ నా దగ్గర ఉంది. నీళ్ళు వంచడానికి ముక్కులాంటి గొట్టం ఉంటే అది కొమ్ముచెంబు. పూజలో కొబ్బరికాయ, మామిడాకులు పెట్టేది కలశం చెంబు. స్నానానికి చెంబు వేరు, తాగడానికి చెంబు వేరు, అవి రెండూ కలిస్తే ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకునేవారు కాదు. చెంబెడు నీళ్ళు అంటే ఒక కొలత. దగ్గరి చుట్టాల్లో లోటా ఉంది, ముంత ఉంది. చల్లకొచ్చి ముంత దాచిన సామెత మనందరికీ తెలుసు. ముంతకీ చెంబుకీ తేడా ఏమిటని అడిగితే చెప్పగలిగేవాళ్ళు మాత్రం తగ్గిపోతున్నారు.

ఇస్త్రీ పెట్టె మా ఇంటికి రాకముందు చెంబుతోనే ఇస్త్రీ. ఆదివారం సాయంత్రం అమ్మ కుంపట్లోంచి కణకణలాడే నిప్పులు పట్టకారుతో ఏరి ఇత్తడి చెంబులో వేసేది. మెడ చుట్టూ తడిగుడ్డ చుట్టి పట్టుకుని, దుప్పటి మడత మీద పరిచిన నాన్న చొక్కా మీద నీళ్ళు చిలకరించి, చెంబు అడుగుతో రుద్దేది. జుయ్యిమని ఆవిరి లేచేది. అడుగు సాఫీగా ఉన్న చెంబే దానికి పనికొచ్చేది, సొట్ట ఉంటే ముడత పోదు. నివురు ఎగిరి గుడ్డ మీద పడకుండా మమ్మల్ని దగ్గర్లో ఊపిరి కూడా గట్టిగా వదలనిచ్చేది కాదు. ఎన్ని ఇళ్ళలో ఇలా చేసేవారో నా వయసువాళ్ళని ఎవర్ని అడిగినా చెబుతారు. చెంబు అర్థాల్లో ఈ వాడుక నేను చూసిన ఏ నిఘంటువులోనూ లేదు.

ఇంకో వాడుకని సిగ్గుపడి వదిలేశారని నా అనుమానం. చెంబు పట్టుకుని వెళ్ళాడు అంటే ఏమిటో తెలుగువాళ్ళందరికీ తెలుసు. మరుగుదొడ్లు లేని కాలంలో ఆ మాట ఎంత మర్యాదగా పని చేసిందో ఆలోచించండి. అసలు పని పేరెత్తకుండా, చేతిలో వస్తువు పేరు చెప్పి ఊరుకోవడం. ఆడవాళ్ళు తెల్లవారకముందు చీకట్లో, మళ్ళీ పొద్దుగూకాక చీకట్లో, నలుగురు కలిసి చెంబులతో వెళ్ళేవారు. మధ్యలో అవసరమైతే ఓర్చుకోవడమే. ఆ బాధ ఆ మాటలో ఉంది. ఇప్పుడు ఇళ్ళలో మరుగుదొడ్లు వచ్చాయి, ఆ మాట పోతోంది, పోవాలి కూడా. అయితే రేపు ఎవరో పాత కథ చదువుతూ "ఆమె చెంబుతో బయల్దేరింది" అన్న వాక్యం దగ్గర ఆగి నిఘంటువు తెరిస్తే, నీటిపాత్ర అని ఉంటే వాళ్ళకేం అర్థమవుతుంది?

రాయడానికి కష్టమైన సంగతి ఇంకోటి ఉంది. ఇంటికి చుట్టం వస్తే వాకిట్లోనే చెంబుతో నీళ్ళిచ్చి కాళ్ళు కడుక్కోమనడం మన మర్యాద. ఆ మర్యాద గురించి అందరం గర్వంగా చెప్పుకుంటాం. మా అమ్మమ్మగారి ఊళ్ళో పొలం పనికొచ్చినవాళ్ళు దాహమని అడిగితే మాత్రం చెంబు చేతికిచ్చేవారు కాదు. వాళ్ళు అరుగు కింద వంగి దోసిలి పడితే పైనుంచి పోసేవారు. వాళ్ళ కులం పేరు చెప్పి, చెంబు వాళ్ళ చేతికి తగలకూడదనేవారు. ఎనిమిదేళ్ళప్పుడు నేనూ ఒక పెద్దాయనకి అలా పోశాను. చెంబు ఎంత ఎత్తున పట్టుకోవాలో అమ్మమ్మ నా మోచెయ్యి పట్టుకుని చూపించింది. దోసిట్లోంచి నీళ్ళు కారి ఆయన ముంజేతుల మీదుగా మోచేతుల దాకా పోతుంటే, సగం నీళ్ళు నేలపాలవుతుంటే, ఇంకా పొయ్యమ్మా అన్నాడు. ఆ గొంతు నాకింకా గుర్తుంది. చెంబు ఎవరికి చేతికిచ్చారు, ఎవరికి పైనుంచి పోశారు అన్నది కూడా ఆ మాట చరిత్రలో భాగమే. మర్యాద రాసి దీన్ని దాస్తే అది సగం అర్థం.

రాగి సంగతి వచ్చింది కాబట్టి కళాయి మాటా చెప్పాలి. రాగిపాత్రలో పులుసు, చల్ల లాంటి పులుపు నిలవుంటే చిలుము పడుతుంది, ఆ పచ్చటి విషం ఒంటికి మంచిది కాదు. చిలుమునే కిలుము అనేవాళ్ళూ ఉన్నారు. అందుకని లోపల తగరం పూయించేవారు. వీధి చివర చిన్న గుంటలో బొగ్గులు రాజేసి, తిత్తి ఊదుతూ, పాత్ర ఎర్రగా కాగాక నవాసారం అనే ఉప్పులాంటి పొడి చల్లి, తగరం ముక్క రాసి, దూది ఉండతో గిర్రున తిప్పేవారు. తెల్లటి పొగ గుప్పున లేచి, తగ్గేసరికి లోపలంతా వెండిలా తళతళ. ఆ పూతని కళాయి అంటాం. అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, అసలు అర్థం తగరం. మరి వేపుళ్ళు చేసే కళాయి? అది కడాహీ, సంస్కృతంలో కటాహం. రెండు వేర్వేరు మాటలు తెలుగులోకి వచ్చి ఒకే రూపంలో కుదురుకున్నాయి. రెంటినీ కలిపి ఒకే ఆరోపం, అంటే నిఘంటువులో ఒక మాటకిచ్చే పద్దు, కింద అర్థం 1, అర్థం 2 అని వేస్తే చదివేవాళ్ళు పూత నుంచే పాత్రకి ఆ పేరొచ్చిందనుకుంటారు. దయచేసి విడదీయండి.

మీ ముందు తరాల వాళ్ళు చేసిన పని చిన్నది కాదు, నాకు తెలుసు. బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో జనం నోటి మాటలకీ చోటిచ్చాడు. 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం కావ్యాలు చదవడానికి నాకు ఇప్పటికీ కర్ర సాయం. 1936లో మొదటి సంపుటం వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ముందు చేతులు జోడిస్తాను. కానీ పద్యంలో కనబడిన మాటకి పెద్దపీట, వంటింట్లో వినబడే మాటకి గుమ్మం బయట చోటు అన్న పద్ధతి మనకి బాగా అలవాటైపోయింది. దాన్ని మార్చిన పని ఒకటి మన దగ్గరే జరిగింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు. ఊరూరూ తిరిగి, రైతుని, నేతగాణ్ణి అడిగి రాసుకున్న మాటలు, ఏ ప్రాంతంలో ఏమంటారో గుర్తులతో సహా. నాగలి భాగాలకి దక్కిన ఆ గౌరవం చెంబుకి, చేటకి, అటకకి, గూటికి కూడా దక్కాలి. ఇల్లు నడపడం కూడా పనే. ఆ పనికి మాటలున్నాయి, అవి చాలావరకు ఆడవాళ్ళ నోట్లో ఉన్నాయి.

చాలా ఊళ్ళలో చెంబుని సెంబు అంటారు. అలా అన్నందుకు బడిలో పిల్లల్ని చూసి నవ్విన మాస్టార్లని నేను చూశాను. తప్పు అని దిద్దేముందు, ఎక్కడ ఎలా పలుకుతారో నిఘంటువులో ఉంటే ఆ పిల్లకి ధైర్యం.

నాకు చేతనైనంతలో ఒక ఆరోపం రాసి చూశాను. తప్పులుంటే దిద్దండి.

చెంబు: నామవాచకం. చిన్న మూతి, మెడ, గుండ్రటి పొట్ట ఉండి, నీళ్ళు పట్టడానికి, తాగడానికి, స్నానానికి వాడే పాత్ర. చెం (ఎరుపు) నుంచి. తమిళ మలయాళాల్లో చెంబు అంటే రాగి, పాత్ర రెండూ. తెలుగులో పాత్ర మాత్రమే, ఏ లోహానిదైనా. కొన్నిచోట్ల పలుకుబడి సెంబు. మరచెంబు, కొమ్ముచెంబు, కలశం చెంబు. చెంబెడు, కొలత. నిప్పులు పోసి ఇస్త్రీకి వాడేవారు. చెంబు పట్టుకుని వెళ్ళు, మలవిసర్జనకి ఆరుబయటికి వెళ్ళు. చెంబుతో నీళ్ళివ్వడం, అతిథి మర్యాద. చెంబు చేతికివ్వకుండా దోసిట్లో పోయడం, అంటరానితనం పాటించిన తీరు. పక్కన బొమ్మ.

పది పన్నెండు లైన్లు. కాగితం మీద చోటు లేదంటే ఒప్పుకునేదాన్ని. ఇప్పుడు నిఘంటువులు ఫోన్లలోకి వచ్చేశాయి, చోటు కొరత లేదు. కావలసింది అడిగి రాసుకునే మనిషి.

ఆ మనిషి త్వరగా రావాలి. మా వీధికి ఏటా సంక్రాంతి ముందు ఒకాయన వచ్చేవారు, బిందెలకి మాట్లు వేస్తాం, కళాయి పూస్తాం అని కేకేసుకుంటూ. ఆయన వస్తువు చేతిలోకి తీసుకుని గోటితో కొట్టి, మోత విని, ఇందులో రాగి ఎంత, కల్తీ ఎంత చెప్పేవారు. చెంబు పొట్టకీ మెడకీ అతుకు వేసే చోటుకి ఆయన ఏదో పేరు చెప్పారు. నేను రాసుకోలేదు. ఎప్పుడైనా అడగొచ్చులే అనుకున్నాను. కిందటేడూ, ఈ ఏడూ ఆయన రాలేదు. బస్టాండు వెనక వీధిలో ఆయన కొడుకు సైకిల్ షాపు నడుపుతున్నాడని తెలిసింది. వచ్చే వారం వెళ్ళి, పెద్దాయన ఎలా ఉన్నారో చూసి, మాట్లాడే ఓపిక ఉంటే మీ వాళ్ళు ఎప్పుడు రావచ్చో కనుక్కుంటాను. అమ్మ మరచెంబు కూడా తీసుకెళ్తాను. దాని మర ఒకచోట అరిగి మూత పట్టడం లేదు. మెడ మీద అమ్మ పేరు, పెళ్ళి అయిన ఏడాది చుక్కలు చుక్కలుగా చెక్కి ఉన్నాయి. బొమ్మకి పనికొస్తుందంటే ఫోటో తీసి పంపుతాను.

ఇట్లు,
మీ నిఘంటువుల పాఠకురాలు